ఒక్క పిలుపుకు ఇద్దరు

మా వంశంలో తిరుమలసామి నాయుడని ఒకాయన ఉండేవాడు. కుంఫిణీ వాళ్ళ ఫిరంగి బండికి అన్నిటికన్నా ముందు కట్టే ఎద్దుల జతను, ముందుకాడిని, తోలిన మనిషి. ఆ మాట వినగానే అందరూ కోరమీసాలు మెలేసిన వీరుణ్ణి ఊహించుకుంటారు. ఆయనకు మీసం ఉండేది గాని మెలేసే వీలుండేది కాదు. మెలేస్తూ కూర్చుంటే ఆ పూటకు ఇంకో పని జరగదు మరి. ఒకేసారి రెండు పనులు చేయడం ఆయన ఒంటికి సరిపడని విద్య.

దారిలో ఎవరైనా పలకరిస్తే ఆగి, నిలబడి, నిదానంగా జవాబు చెప్పేవాడు. చెప్పాక తానెటు బయలుదేరాడో మరచిపోయి తిన్నగా ఇంటికి వచ్చేసేవాడు. అన్నం తినేటప్పుడు ఆయనకు చెవులు పనిచేయవని ఊరంతా ఒప్పుకున్న సంగతి. అప్పు అడగదలచుకున్నవాళ్ళు కూడా ఆయన చెయ్యి కడిగేదాకా ఆగేవాళ్ళు. పెళ్ళిలో రెండో ముడి వేస్తుండగా వెనకనుంచి ఎవరో పెద్దమనిషి "మీ మేనమామ బండి వచ్చిందా?" అని అడిగాడట. మనవాడు తాళి వదిలేసి ఆలోచనలో పడ్డాడు. పెళ్ళికూతురు తల వంచుకునే, పక్కవాళ్ళకు వినబడకుండా, "ముందు ముడెయ్యండి, మామ వస్తాడు" అంది. ఆయన సంసారం ఆ మాట మీదే మొదలైంది.

పెళ్ళికూతురి పేరు పాంచాలి. వాడిపట్టి దగ్గర పుట్టింది, సూలూరుకు తూర్పున నల్లరేగడి చేల మధ్య ఉన్న మా ఊరికి కోడలై వచ్చింది. రెండూ అరవదేశపు ఊళ్ళే అయినా రెండు చోట్లా మన తెలుగువాళ్ళే. ఎన్ని తరాల కిందట దిగివచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, కోపం వస్తే రెండూ. పాంచాలి మాత్రం మొగుడికి పూర్తిగా ఎదురు. ఒక చేత్తో తిరగలి తిప్పుతూ, కాలి బొటనవేలికి కట్టిన తాడుతో ఉయ్యాల ఊపుతూ, పొయ్యిమీద సంగటి పొంగకుండా చూస్తూ, అత్త చెప్పే పాత కథకు సరైన చోట ఔనన్నట్టు "ఆమా" కొడుతూ, వాకిట్లో ఎండిన మిరపకాయల మీదికి వచ్చిన మేకను నోటితోనే తరిమేది. ఆమెను చూస్తే తిరుమలసామికి కళ్ళు తిరిగేవి. చూడటం కూడా ఒక పనే కాబట్టి చేతిలో పని ఆపి చూసేవాడు.

ఆ ఇంట్లో ఇంకో తిరుమల ఉండేవాడు. అది ఎద్దు. పాంచాలి మామగారు బతికున్న రోజుల్లో ఒక దూడ పుట్టీ పుట్టగానే చావబోయి బతికింది. ఏడుకొండలవాడి దయ అని దానికి తిరుమల అని పేరు పెట్టేశాడు. "కొడుకు పేరు కూడా అదే కదా" అని ఎవరో గుర్తుచేస్తే, "అయితే ఏమి, ఎవరు పలికినా సేనికే కదా పోవాల్సింది" అన్నాడట. పెద్దాయనకు బాగానే ఉంది గాని చిక్కంతా కోడలికి వచ్చింది. మొగుడి పేరు పలికితే మొగుడి ఆయుష్షు తరుగుతుందని మన ఆడవాళ్ళ నమ్మకం. మొగుడి పేరు పలకకపోతే ఎద్దును పిలవడమెలా?

పాంచాలి వచ్చిన కొత్తలో పక్కవీధి కొంగునాటి అరవ ఆడవాళ్ళు మొగుళ్ళను "ఏనుంగో" అని పిలవడం వింది. ఏమండీ అన్నట్టే, కాస్త సాగదీసి. వాడిపట్టి వైపు ఆ పిలుపు లేదు. ఆమెకు అది తేనెలా నచ్చింది. మొగుణ్ణి "ఏనుంగో" అంది. ఎద్దును కూడా "ఏనుంగో" అంది. ఎద్దుకు కుడితి పెట్టేటప్పుడు "తాగండి" అనేది, కొట్టంలోకి తోలేటప్పుడు "లోపలికి పోండి" అనేది. మొగుడి పేరు పెట్టుకున్న జీవాన్ని ఏకవచనంలో ఎలా అంటుంది పాపం! కొన్నాళ్ళకు ఆమె "ఏనుంగో" అంటే పెరట్లో ఎద్దు, వసారాలో మొగుడు ఒక్కసారే తల తిప్పడం మొదలుపెట్టారు. అత్త ముత్తమ్మాళ్ అది చూసి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. ఆ పిలుపు కోయంబత్తూరు చుట్టుపక్కల కొంగునాడంతా ఉందనీ, ముందుముందు అదొక గండం అవుతుందనీ అప్పటికి ఎవరికీ తట్టలేదు.

తిరుమలకు జోడీ సెవలగాడు, ఎర్రటి ఎద్దు. వాడికి సొంత అభిప్రాయాలంటూ ఉండేవి కావు. తిరుమల ఎటు పోతే అటు పోయేవాడు. ఆ జోడీ తిరుమలసామి చేతిమీద పెరిగింది. పొలంలో ఆయన నోరు తెరవకుండానే సాలు చివర తిరిగేది. ఆయనకు మాట రానిచోట ఆ రెండూ అర్థం చేసుకునేవి, అందుకే వాటి దగ్గర ఆయన మహా తెలివైనవాడిలా కనబడేవాడు.

మామగారు పోకముందే ఆ జోడీని కుంఫిణీ ఫిరంగి దళానికి ఇస్తానని మాట ఇచ్చి, వాళ్ళు ముందుగా ఇచ్చిన సొమ్ముతో బావి తవ్వించాడు. బావిలో నీళ్ళు పడ్డాయి, పెద్దాయన పోయాడు, ఎద్దులు అప్పగించే రోజు దగ్గరపడింది. ఆ సంగతి చెప్పడానికి వచ్చినవాడు దళంలో డప్పు కొట్టే యేసుదాస్. పల్టనులో తెలుగు సిపాయిల మధ్య బతికినవాడు గనక తెలుగు బాగానే వచ్చు.

తిరుమలసామి ఆవేళ ఎద్దుల ఒళ్ళు తోముతున్నాడు. సంగతి విని తోమడం ఆపాడు. తరవాత, "వాటితోటి నేనూ వస్తే?" అన్నాడు.

"రావచ్చు," అన్నాడు యేసుదాస్. "జోడీకి తోలేవాడు కావాల. కోయంబత్తూరులోనే ఉండేది, పెళ్ళాం బిడ్డలకి గుడిసె ఇస్తారు. అయితే పరీక్ష ఉండాది నాయుడూ. గెలవకపోతే ఎద్దులు వేరేవాడి చేతికి పోతాయి. వాడు ఎట్లాంటోడో, కొడతాడో పెడతాడో, నేను సెప్పలేను."

పరీక్ష ఏమిటో చెప్పాడు. ఫిరంగి బండిని ఒకదాని వెనక ఒకటి కట్టిన ఎన్నో జోడీలు లాగుతాయి. ముందుకాడి తోలేవాడు ఎడమవైపు కట్టే దాపటెద్దు పక్కన నడవాలి. పొడుగు దరువు వినబడితే కదలాలి, తుంచిన దరువుకు ఆగాలి. దూరంగా ఎర్రజెండా ఊపితే వలపటికి, అంటే కుడికి తిరగాలి, తెల్లజెండా ఊపితే దాపటికి, అంటే ఎడమకు. సార్జంటు దొర ఏ మాట అరిస్తే ఆ మాటను వెనక జోడీలవాళ్ళకు వినబడేలా మళ్ళీ అరవాలి. ఇదంతా నడుస్తూనే. మధ్యలో చెప్పా పెట్టకుండా పక్కన ఒక ఫిరంగి పేలుతుంది. ఎద్దులు బెదరకూడదు, తోలేవాడు అసలే బెదరకూడదు. ఒక్కటి తప్పినా అంతే.

ఊళ్ళో ఈ కబురు పొగలా పాకింది. "తిరుమలసామా? వినేటప్పుడు నడవలేడు, నడిచేటప్పుడు వినలేడు. ఫిరంగి పేలినట్టు మర్నాడు తెలుస్తాది వాడికి!" అని రచ్చబండ మీద పొట్ట పట్టుకుని నవ్వారు. తిరుమలసామి నవ్వలేదు. ఆ రోజు సంగటి ముద్ద ముట్టకుండా లేచాడు. ముత్తమ్మాళ్‌కు భయం పట్టుకుంది. పాంచాలి మాత్రం కొంగు దోపుకుంది.

"ఏనుంగో, ఏడిసేది తరవాత. మొదుల్లో తిరగలి దగ్గిర కూర్చోండి," అంది.

అలా మొదలైంది శిక్షణ. కుడిచేతికి రాగుల తిరగలి. ఎడమకాలి బొటనవేలికి కూతురు కర్పగం ఉయ్యాల తాడు. కళ్ళు పొయ్యిమీద సంగటి కుండ మీద. నోటితో మాత్రం తల్లి ఏం చెబితే అది తిరిగి చెప్పాలి. ముత్తమ్మాళ్‌కు ఇది పండగైపోయింది. పుట్టి బుద్ధెరిగాక కొడుకు తన మాట పూర్తిగా వినడం ఇదే మొదలు. ఆ అవకాశం వదులుకోకుండా తన పుట్టింటి చుట్టరికాలన్నీ ఏకరువు పెట్టింది.

"మా చిన్నాయన పెద్దకోడలి అన్న, ఒట్టన్‌చత్రం దగ్గిర సేను కొన్నోడు. సెప్పు."

"మా చిన్నాయన..." అని తిరుమలసామి మొదలుపెట్టగానే తిరగలి ఆగేది. తిరగలి తిప్పితే ఉయ్యాల ఆగేది. ఉయ్యాల ఊపితే సంగటి అడుగంటేది. మూడూ సరిగ్గా జరిగిన ఒకే ఒక్క పూట ఆయన కూర్చున్నచోటే నిద్రపోయాడు, ఉయ్యాల్లో పిల్ల మాత్రం నిద్రపోలేదు. వారమంతా ఇంటిల్లిపాదీ మాడిన సంగటే తిన్నారు.

"కవనం! కవనం!" అని అరిచేది పాంచాలి. మనకైతే కవనమంటే కవిత్వం. ఆ ఇంట్లో అరవం కలిసిన తెలుగులో కవనమంటే మనసు పెట్టడం, జాగ్రత్త. ఆ నెలలో ఆ ఇంట్లో వినబడినంత కవనం రాజుల కొలువుల్లో కూడా వినబడి ఉండదు.

ఒకరోజు తిరుమలసామి తిరగలి పిడి వదిలేసి, "నా వల్ల కాదు పాంచాలీ. నాకుండేది ఒక మనసు. నీకి నాలుగు ఉండాయి," అన్నాడు. ఎద్దులు పోతాయన్న దిగులు అప్పుడు బయటపడింది. ఆమెకు జాలి వేసింది గాని నవ్వు కూడా వచ్చింది.

"నాకూ ఒకటే ఉండాది," అంది. "మీరు అన్నిటికీ మనసుని తోలుకోని పోతుండారు. పని నేర్సిన సెయ్యికి మళ్ళా సెప్పేది ఏముండాది? దాని పాటికి అది తిప్పుకుంటాది. కాలి పాటికి కాలు ఊపుకుంటాది. మనసుని వాకిట్లో కూర్సోబెట్టాల, అంతే. ఎవురు వస్తుండారు, ఏమి కాలుతుండాది, అది మట్టుకు సూస్తాది."

తిరుమలసామి చాలాసేపు ఆలోచించాడు. అది చేసేటప్పుడు తిరగలి తిప్పలేదు లెండి. "అప్పో, అట్లయితే నువ్వూ ఒకే పని సేస్తుండావా?"

"ఆమా. కాపలా. అదొకటే."

"ఒకటైతే నాకూ వస్తాది," అన్నాడాయన. అన్నాక మొహం విప్పారింది. మడక దున్నేటప్పుడు తన చెయ్యి మేడి మీద ఎలా ఉంటుందో తానెప్పుడైనా ఆలోచించాడా? లేదు. మేఘం వైపో, ఎద్దు చెవుల వైపో చూసేవాడు. చేతులు వాటి దారిన అవి దున్నేవి. తనకు రానిది కాదు, తనకు వచ్చునని తెలియనిది. మర్నాడు సంగటి మాడలేదు. ఆ తరవాత రోజు చిన్నాయన పెద్దకోడలి అన్న ఎవరో పొల్లు పోకుండా చెప్పేశాడు. ముత్తమ్మాళ్ కళ్ళు తుడుచుకుంది. ఆ చుట్టాన్ని తలచుకునో కొడుకును చూసో ఆమే చెప్పలేదు.

ఇక పాఠం ఇంట్లోంచి ఎండిన చెరువులోకి మారింది. యేసుదాస్ వీలైనప్పుడల్లా డప్పు తెచ్చేవాడు. పాంచాలి ఒక చేత ఎర్రచీర, ఒక చేత తెల్లపంచె పట్టుకుని గట్టుమీద నిలబడేది. ముత్తమ్మాళ్ సార్జంటు వేషం కట్టి, వినడానికి తెలుగూ కాని ఇంగిలీసూ కాని మాటలు అరిచేది. "ఆల్టూ! రైటూ! పో రైటూ!" అంటే తిరుమలసామి గొంతెత్తి "ఆల్టూ! రైటూ! పో రైటూ!" అనేవాడు. ఫిరంగి లేదు కాబట్టి ఊళ్ళో పాత కుండలన్నీ ఎద్దుల పక్కనే పగిలాయి. మొదట కుండ పగిలితే తిరుమల తోక ఎత్తి చెరువంతా పరుగెత్తాడు, వెనకే సెవలగాడు, వాళ్ళ వెనక ఆయన. చివరికి కుండ పగిలినా తిరుమల చెవి కూడా ఆడించడం మానేశాడు. రచ్చబండ మీద నవ్వినవాళ్ళే గట్టుమీదికి వచ్చి కుండలు అందించసాగారు. నవ్విన నాపచేనే పండుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు.

పరీక్ష కోయంబత్తూరు శివార్లలో, నొయ్యలు ఏటి ఒడ్డున మైదానంలో. సంతరోజు కావడంతో చూసేందుకు జనం విరగబడ్డారు. తిరునాళ్ళలా ఉంది. తిరుమలసామికి ముందు వచ్చినవాళ్ళలో ఒకడు జెండా చూస్తూ దరువు మరిచాడు. ఇంకొకడు ఫిరంగి పేలగానే ఎద్దుల కన్నా ముందు తాను పారిపోయాడు. జనం ఈలలు వేశారు. గుంపులో నిలబడ్డ ముత్తమ్మాళ్ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పాంచాలి చంకలో కర్పగం చప్పట్లు కొడుతోంది.

పొడుగు దరువు మోగింది. తిరుమలసామి కదిలాడు. చేతిలో ముల్లుకర్ర ఉంది గాని దాన్ని ఎద్దుకు తాకించలేదు. తెల్లజెండా ఊగింది, దాపటికి తిరిగాడు. సార్జంటు ఏదో అరిచాడు, ఆ మాటే ఆయన గొంతులోంచి వెనక జోడీల దాకా వెళ్ళింది. తుంచిన దరువుకు ఆగాడు, మళ్ళీ కదిలాడు. అంతలో పక్కన ఫిరంగి పేలింది. నేల అదిరింది. తిరుమల చెవి ఆడించలేదు, సెవలగాడు తిరుమలను చూసి ఊరుకున్నాడు. ఆయన నడక తప్పలేదు. చూస్తున్న పాంచాలికి ఒళ్ళు పులకరించింది. సంగటి మాడ్చిన మనిషేనా ఈయన?

ఇక మిగిలింది ఏటి ఒడ్డు మలుపు. అక్కడ ఎర్రజెండా ఊగితే వలపటికి తిరగాలి. తిరగకపోతే ముందున్నది ఏటి వాలు. జోడీలన్నీ, ఫిరంగితో సహా, నీళ్ళలోకే.

ఎర్రజెండా ఊగబోతోంది. సరిగ్గా అప్పుడు జనంలోంచి మజ్జిగమ్మే కొంగునాటి ఆడమనిషి ఒకామె, ఎటో పోతున్న తన మొగుణ్ణి చూసి, గొంతు చించుకుని, "ఏనుంగో!" అని పిలిచింది.

తిరుమల ఆగి తల తిప్పాడు. ఆ పక్కనే తిరుమలసామి కూడా ఆగి తల తిప్పాడు. వాకిట్లో కూర్చోబెట్టిన మనసు పెళ్ళాం పిలిచిందనుకుని లేచిపోయింది. మజ్జిగామె మొగుడికి వినబడలేదు కాబోలు, "ఏనుంగో! ఏనుంగో!" అంటూనే ఉంది. వెనక జోడీలు ఆగలేదు, తోసుకొస్తున్నాయి. ముందుకాడి ఏటి వైపే జరుగుతోంది. జెండావాడు ఎర్రజెండాను పిచ్చిగా ఊపుతున్నాడు. దాన్ని చూడాల్సిన కళ్ళు మాత్రం జనంలో పాంచాలిని వెతుకుతున్నాయి.

పాంచాలికి అంతా అర్థమైంది. తానూ "ఏనుంగో" అంటే ఇద్దరూ తన వైపుకే వచ్చేస్తారు. పరీక్ష పోతుంది, ఎద్దులు పోతాయి, ఈయన ఇంక మనిషి కాడు. ఆయుష్షు మాట గుర్తొచ్చింది. కర్పగాన్ని అత్త చేతిలో పెట్టి, పెళ్ళయ్యాక ఎన్నడూ పలకని పేరు పలికింది.

"తిరుమలా! కవనం! వలపట!"

ఎద్దు, మనిషి ఒక్కసారే ఉలిక్కిపడి ముందుకు తిరిగారు. ఆ గొంతులో ఆ పేరు ఇద్దరూ ఏనాడూ వినలేదు. తిరుమలసామికి ఎర్రజెండా కనబడింది. భుజంతో తిరుమలను నెట్టి వలపటికి తిప్పాడు. సెవలగాడు తిరిగాడు, వెనక జోడీలన్నీ తిరిగాయి, ఫిరంగి చక్రం ఒడ్డు మట్టిని రాసుకుంటూ మలుపు దాటింది. సార్జంటు అరిచిన మాటను ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. మైదానం చివరిదాకా తప్పులేకుండా తోలాడు. తోలినంతసేపూ ఆయన చెంపలు తడిగా ఉన్నాయి, అయినా చేతులు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి.

జనం కేకలు ఆగాక సార్జంటు జనం వైపు వచ్చాడు. యేసుదాస్ మాట చెప్పేవాడిగా పక్కన నడిచాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

"తోలేవాడికి బయటినుంచి ఎవురూ సాయం సెయ్యకూడదు. అరిసింది ఎవురని దొర అడుగుతుండారు," అన్నాడు.

పాంచాలి తల వంచుకుంది. "ఎద్దుని పిలిసినా," అంది, వినీ వినబడనట్టు.

"ఎద్దు పేరు?"

"తిరుమల," అన్నాడు దూరంనుంచి తిరుమలసామి.

"తోలేవాడి పేరు?"

అబద్ధం రాని మనిషి కనుక ఆయనే చెప్పాడు. "తిరుమలసామి."

సార్జంటు కనుబొమలు పైకి లేచాయి. అతను ఏదో అడిగాడు. యేసుదాస్ నీళ్ళు నమిలి, "అయితే పిలిసింది ఎద్దునా, మొగుడినా అని అడుగుతుండారు," అన్నాడు. ఎద్దునంటే గెలుపు, మొగుణ్ణంటే ఓటమి. ఎవర్ని పిలిచిందో పాంచాలికే తెలియదు.

అప్పుడు ముత్తమ్మాళ్ మనవరాలిని చంకనేసుకుని ముందుకు వచ్చింది. కోడలు కొడుకు పేరు పలికితే నాలుక కోస్తానని ఊరందరి ముందూ అన్న మనిషి ఆమె. పాంచాలి కళ్ళు మూసుకుంది.

"దొరకి సెప్పు యేసుదాసా," అంది ముత్తమ్మాళ్, మైదానమంతా వినబడేలా. "మా ఇంట్లో ఏ కోడలూ మొగుడి పేరు పలకదు. నేను పలకలేదు, మా అత్త పలకలేదు. నా కోడలు పలుకుతాదా? ఎద్దునే పిలిసింది."

"మరి తోలేవాడు ఎందుకు ఉలిక్కిపడినాడు అంటుండారు."

"ఎద్దుతోటి పెరిగినాడు కదా! అది ఉలికితే వాడూ ఉలుకుతాడు. ఆ మజ్జిగామె మొగుణ్ణి పిలిస్తే ఇద్దరూ తిరగలేదా? దొర కళ్ళతోటే సూసినాడు కదా!"

యేసుదాస్ ఇది ఎలా చెప్పాడో గాని సార్జంటు ముందు తిరుమలను చూశాడు, తరవాత తిరుమలసామిని చూశాడు. ఇద్దరూ ఒకే తీరుగా, నోరు కాస్త తెరుచుకుని, అతన్నే చూస్తున్నారు. దొర పడీ పడీ నవ్వాడు. తిరుమలసామి వీపు మీద చరిచాడు, ఎద్దు వీపు మీద కూడా చరిచాడు. అంతే, పరీక్ష గెలిచినట్టే.

బండి ఎక్కి ఊరికి తిరిగి వస్తుంటే అందరూ నవ్వుతున్నారు, పాంచాలి ఒక్కతే ఏడుస్తోంది. "అత్తా, పేరు పలికినా. ఈయన ఆయుసు..." అని మాట పూర్తి చేయలేకపోయింది.

ముత్తమ్మాళ్ ఆమె తల తన ఒళ్ళోకి లాక్కుంది. "ఎవురి పేరు పలికినావు? ఎద్దు పేరు. అంత జనం ముందర సెప్పినా, నా మాట అబద్దమవుతాదా? ఈ పొద్దునుంచి ఎద్దుని పేరు పెట్టే పిలువు. దినామూ పిలువు. గట్టిగా పిలువు. లేకుంటే ఊళ్ళోవాళ్ళు నన్ను అబద్దాలకోరు అంటారు."

ఆ రోజునుంచి పాంచాలి ఎద్దును "ఏనుంగో" అనడం మానేసింది. దళం వాళ్ళు ఇచ్చిన గుడిసె ముందు నిలబడి, పొద్దు గుంకేవేళ "తిరుమలా!" అని పిలిచేది. అనుకున్నట్టే ఎద్దు తల తిప్పేది, పక్కనున్న ఆయన కూడా తిప్పేవాడు. "నిన్ను కాదు, ఎద్దుని," అని ముత్తమ్మాళ్ కసిరేది. "ఆమా, తెలుసు," అనేవాడాయన, ముసిముసిగా నవ్వుతూ. మొగుణ్ణి మాత్రం పాంచాలి ఎప్పటిలాగే "ఏనుంగో" అనేది. అలా ఏళ్ళు గడిచాయి. తిరుమలసామి ఎన్నో మైదానాల్లో ముందుకాడి తోలాడు, కొత్తవాళ్ళకు పని నేర్పాడు. నేర్పేటప్పుడు మొదటి పాఠం తిరగలి దగ్గరే.

ఎద్దులు ముసలివయ్యాక దళం వాటిని వదిలేసింది. అందరూ కలిసి ఊరికి వచ్చేశారు. సెవలగాడు ముందు పోయాడు. ఒక వానాకాలం తిరుమల కూడా మేత మానేసి, తిరుమలసామి ఒళ్ళో తల పెట్టి పోయాడు. ఆయన చాలా రోజులు కొట్టం వైపు వెళ్ళలేదు. పాంచాలి అది చూసి లోలోపల కుమిలిపోయేది.

ఒక సాయంత్రం ఆమె దీపం పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఖాళీ కొట్టం గుమ్మంలో నిలబడింది. "తిరుమలా!" అని పిలిచింది. వీధంతా వినబడింది.

"వస్తుండా," అన్నాడాయన వసారాలోంచి లేస్తూ.

కళ్ళు సరిగా కనబడని ముత్తమ్మాళ్ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కింటి పాపమ్మాళ్ బుగ్గ నొక్కుకుని, "ఏమక్కా, మీ కోడలు ఎవుర్ని పిలుస్తుండాది?" అని అడిగింది.

"ఎద్దుని," అంది ముత్తమ్మాళ్.